ఒకే బాట... ఆరు రుతువులు

ఆస్ట్రేలియాలో కాలం మారడం భలే ఈజీ. డిసెంబరు 1 వస్తే ఎండాకాలం, మార్చి 1కి ఆకురాలు కాలం, జూన్ 1కి చలికాలం, సెప్టెంబరు 1కి వసంతం. జీతం పడ్డట్టు కచ్చితంగా ఒకటో తారీఖునే! నేనుండే పెర్త్‌లోనూ గోడమీది క్యాలెండర్ ఇదే చెబుతుంది. కానీ రెండేళ్లుగా కింగ్స్ పార్క్‌లో ఒకే దారిలో నడుస్తున్నాక ఒకటి తెలిసింది. ఇక్కడి చెట్లు ఆ క్యాలెండర్ చూడవు.

పార్క్ అనగానే బెంచీలు, ఫౌంటెన్లు మాత్రమే ఊహించుకోకండి. అవీ ఉన్నాయి. కానీ సుమారు 400 హెక్టార్లలో మూడింట రెండొంతులు సహజంగా పెరిగిన పొదల అడవే. ఇక్కడ దాన్ని ‘బుష్’ అంటారు. సిటీ సెంటర్‌ని ఆనుకుని, స్వాన్ నది పక్కన గుట్ట మీద ఉంటుంది. అందులో ‘లా వాక్’ అనే కాలిబాట నాది. ఓ రెండున్నర కిలోమీటర్లు తిప్పి మళ్లీ మొదటికే తెస్తుంది. ల్యాప్‌టాప్ మూసేశాక గంటలోపు అయిపోతుంది.

ఈ నేల అసలు వారసులు నూంగార్ ప్రజలు. వాళ్లకి కాలాలు నాలుగు కాదు, ఆరు. ఒక్కోటీ దాదాపు రెండు నెలలు. అచ్చం మన రుతువుల లెక్కే కదా! అయితే వాళ్ల కాలాలకి ఒకటో తారీఖు ఉండదు. పువ్వు, గాలి, పక్షి వచ్చి చెప్తేనే మారినట్టు.

బిరాక్ (డిసెంబరు-జనవరి): వాన ఉండదు. గడ్డి కరకరలాడుతుంటుంది. అప్పుడే ‘మూజార్’ చెట్టు నిండా నారింజ రంగు పూలు! క్రిస్మస్‌కి పూస్తుందని క్రిస్మస్ ట్రీ అనీ అంటారు. దీని వేర్లు పక్క మొక్కల వేర్లని కోసి నీళ్లు లాక్కుంటాయి. భూమిలో వేసిన కేబుళ్లని కూడా వేర్లనుకుని కోసిన సందర్భాలున్నాయి. నెట్‌వర్క్ టీమ్‌కి చెప్తే నమ్మరు!

బునూరు (ఫిబ్రవరి-మార్చి): అసలు మంట ఇప్పుడే. క్యాలెండర్ మార్చిని ఆకురాలు కాలమంటుంది, నా చొక్కా మాత్రం తడిసిపోతుంది. మారీ చెట్లు తెల్లగా పూసి తేనెటీగలతో మోగుతుంటాయి.

జెరాన్ (ఏప్రిల్-మే): పొద్దున్నే మంచు చెమ్మ. బ్యాంక్సియాలు పూయడం మొదలుపెడతాయి. మొక్కజొన్న పొత్తుకి రంగేసినట్టుంటుంది ఆ పువ్వు.

మకూరు (జూన్-జులై): మన దగ్గర నైరుతి వానలు పడే నెలల్లోనే ఇక్కడా వానలు. కాకపోతే చలితో కలిసి వస్తాయి. పొదల మీద ఊదారంగు తీగపూలు కనిపిస్తే ఈ కాలం ముగుస్తున్నట్టే.

జిల్బా (ఆగస్టు-సెప్టెంబరు): వాటిల్ చెట్లు పసుపు చల్లినట్టు పూస్తాయి. వంగి చూస్తే నేలమీద వేలెడంత ఆర్కిడ్లు. రెండు రేకులు గాడిద చెవుల్లా నిక్కి ఉండే ‘డాంకీ ఆర్కిడ్’ నా ఫేవరెట్.

కంబరాంగ్ (అక్టోబరు-నవంబరు): ఎరుపు, ఆకుపచ్చ కలిసిన కంగారూ పా పూలు. ఈ రాష్ట్ర పుష్పం అదే. బల్లి జాతి బాబ్‌టెయిల్ మెల్లగా దారి దాటుతుంది. పాములూ బయటికొస్తాయి కాబట్టి ఇయర్‌ఫోన్స్ జేబులోనే.

ఇదంతా అందం సంగతి. దీని వెనకున్న తెలివి సంగతి చెప్పాలి. నూంగార్ పెద్దలు ఎండాకాలంలో అడవిని చిన్న చిన్న ముక్కలుగా, అదుపులో ఉంచుతూ కాల్చేవారు. 1829లో ఇక్కడ బ్రిటిష్ వలస మొదలయ్యాక ఆ పద్ధతిని అణిచేశారు. తర్వాతెప్పుడో సైంటిస్టులకి ఓ చిక్కొచ్చింది. ఇక్కడి చాలా మొక్కల విత్తనాలు నీళ్లు పోసినా మొలకెత్తవు! పొగ పట్టిస్తే మొలిచాయి. ఆ పొగలో పనిచేసే పదార్థాన్ని 2004లో పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు కనిపెట్టారు. అందులో కింగ్స్ పార్క్ వాళ్లూ ఉన్నారు. ఆ జాతి పదార్థాలకి పెట్టిన పేరు ‘కరికిన్’. నూంగార్ భాషలో ‘కరిక్’ అంటే పొగ. విత్తనానికి పొగే పాస్‌వర్డ్ అన్నమాట.

అడవికి అపాయం కూడా కంటికి కనిపించనిదే. వేర్లని కుళ్లబెట్టే ఫైటోఫ్తొరా అనే సూక్ష్మజీవి మట్టితోపాటు మన బూట్లకి అంటుకుని వెళ్తుంది. అది సోకితే బ్యాంక్సియాలు నిలువునా ఎండిపోతాయి. అందుకే బాట దిగొద్దని, బూట్లు శుభ్రం చేసుకోమని ఇక్కడ అంత గట్టిగా చెప్తారు. ఒక్క ఫొటో కోసం పొదల్లోకి అడుగేసేముందు ఇది గుర్తుంటే చాలు.

మరి మన ఆరు రుతువుల మాటేంటి? చిన్నప్పుడు బళ్లో వల్లెవేసిన వరుస ఇప్పటికీ నోటికొస్తుంది. వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం. కానీ ‘శిశిరంలో ఏ చెట్టు పూస్తుంది?’ అనడిగితే ఫోన్ తీస్తాం. ఆకు రాలిన మోదుగకి నిప్పంటుకున్నట్టు పూలొచ్చేది అప్పుడే. ఉగాదికి వేపపూత, ఎండల్లో పచ్చటి రేల గుత్తులు, బతుకమ్మకి తంగేడు. నూంగార్‌ల దగ్గరున్నలాంటి క్యాలెండరే మన దగ్గరా ఉంది. పేర్లు మాత్రం మిగుల్చుకుని, చెట్లని చూడ్డం మానేశాం.

మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ‘అక్కడిప్పుడు ఏ కాలంరా?’ అంటుంది. మొదట్లో వెదర్ యాప్ చూసి డిగ్రీలు చెప్పేవాణ్ని. మొన్న ఆగస్టులో ‘వాటిల్ పూసిందమ్మా, చలి పోయే రోజులొచ్చాయి’ అన్నా. ‘పర్లేదు, ఆ ఊరు నీకు అలవాటైంది’ అంది. వీసాలో ఇంకెన్నేళ్లున్నాయన్న లెక్క వేరు, ఈ అలవాటు వేరు అని ఆరోజు అనిపించింది.

మీరూ ఒక దారి పెట్టుకోండి. హైదరాబాద్ కేబీఆర్ పార్క్ కావచ్చు, విశాఖ కంబాలకొండ కావచ్చు, మీ ఊరి చెరువు గట్టు కావచ్చు. రెండు నెలలకోసారి వెళ్లి అదే చోట నిలబడి అదే చెట్టుకి ఒక ఫొటో తీయండి. ఏడాదికి ఆరే ఫొటోలు. తర్వాత వాటిని వరుసగా పెట్టి, ఏది ఏ రుతువో మీ అమ్మమ్మకో, నానమ్మకో చూపించి అడగండి. తారీఖు చూడకుండానే చెప్పేస్తారు.