వీరబాహుడి వేషం ఎవరికిస్తారు?

హరిశ్చంద్రుడి కథ తగలకుండా తెలుగు పిల్లల చదువు సాగదు. పద్యమో, ఉపవాచకమో, వార్షికోత్సవంలో ఒక సీనో, ఏదో రూపంలో తగులుతుంది. అయ్యవారు చెప్పేది ఒకటే ముక్క: సత్యం కోసం ఆలుబిడ్డల్ని అమ్ముకున్నాడు, ఆఖరికి చండాలుడికి అమ్ముడుపోయాడు. ఆ 'ఆఖరికి' దగ్గర మాల మాదిగ పిల్లలు తల దించుకుంటారు. అయ్యవారికి అది కనపడదు. ప్రతిపదార్థం రాయించి, గంట కొట్టగానే వెళ్లిపోతాడు. ఈ కాలం పిల్లలకి పాత నాటకాల మీద శ్రద్ధ లేదని వాపోయేదీ ఆయనే.

శ్రద్ధ ఎక్కణ్ణించి వస్తుంది? తమని కించపరిచే పాఠాన్ని ఎవరు మనసుపెట్టి వింటారు?

నాటకాన్ని పుస్తకాల్లోంచి పీకెయ్యమని మేం అనడం లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన సత్యహరిశ్చంద్రీయాన్ని మన వాడలూ బతికించాయి. హార్మోనియం పెట్టె ముందు తెల్లారేదాకా కాటిసీను పాడిన పెద్దలు మనకున్నారు. ఆ సీనులో జనం వన్స్‌మోర్ కొట్టే పద్యాల్లో కొన్ని అసలు నాటకకర్తవి కావు, గుర్రం జాషువావి. శ్మశానం మీద ఆయన రాసిన ఖండికలోంచి తెచ్చి కలుపుకున్నారు. అంటరానితనానికి చోటు లేనిది శ్మశానంలోనే అన్నాడాయన. ఊళ్లలో చూస్తే శ్మశానాలూ వేరువేరే. మన శవాన్ని తమ వీధిన పోనివ్వని ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పండి, ఏ పిల్లవాడు కునుకు తీస్తాడో చూద్దాం.

ఇక వీరబాహుడు. రాజుని కొనగలిగినోడు, కాటిసుంకం పైసాతో సహా వసూలు చేయించినోడు. స్టేజీ మీద మాత్రం కల్లుముంత, తూలుడు, వెకిలినవ్వు. పోనీ కథ చివరికైనా గౌరవం దక్కిందా? మార్కండేయ పురాణం ఆ చండాలుణ్ణి మారువేషంలో వచ్చిన ధర్మదేవతగా తేల్చేసింది. కథ మొత్తానికి ఆస్తిపాస్తులున్న చండాలుడు ఒక్కడుంటే వాణ్ణీ దేవుళ్లు ఎత్తుకుపోయారన్నమాట! రాజుగారు నిజానికి ఏ చండాలుడి కిందా పనిచెయ్యలేదట. కులం చెక్కుచెదరలేదు.

చంద్రమతిని కొన్న కాలకౌశికుడు బ్రాహ్మడు. ఆవిడచేత గొడ్డుచాకిరీ చేయించాడు. పాము కరిచిన బిడ్డ దగ్గరికి కూడా ఇంటిపని తెమిలాకే పొమ్మన్నాడు. అయినా బ్రాహ్మడికి అమ్ముడుపోతే కష్టం, చండాలుడికి అమ్ముడుపోతే పతనం! ఈ తేడా ఎవరు పెట్టారని ఏ పరీక్షలోనూ అడగరు. క్లాసులో అడగొచ్చు. అడ్డేముంది?

తెలుగు టీచర్లకి మేం చెప్పేది పెద్ద పనేం కాదు, సిలబస్ ఆగిపోదు, రెండు పీరియడ్లు చాలు. సీనుని పిల్లలకి పంచి నిలబెట్టి చదివించండి. వీరబాహుడి వేషం అలవాటు కొద్దీ వాడ పిల్లాడికి ఇవ్వకండి. దొరగారి అబ్బాయికివ్వండి. హరిశ్చంద్రుణ్ణి మన పిల్ల చదువుతుంది. వీరబాహుడి మాటల్ని పిల్లలనే తమ యాసలో తిరగరాయమనండి. వాడలో పద్యాలు పాడే ముసలాయన్ని బడికి పిలవండి. గుమ్మం అవతల కాదు, టీచరు కుర్చీలోనే కూచోబెట్టి పాడించండి.

ఇప్పటికే ఇలా చెబుతున్న వాళ్లుంటే మాకు రాయండి. పిల్లలు తిరగరాసిన వీరబాహుడి మాటలు పంపితే, యాస దిద్దకుండా, వచ్చే సంచికల్లో వేస్తాం.