అండమాన్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? రీల్స్‌లో చూపించని అసలు విషయాలివే!

నీలం రంగు నీళ్లు, తెల్లటి ఇసుక, బ్యాక్‌గ్రౌండ్‌లో ఓ మెలొడీ పాట.. ముప్పై సెకన్ల వీడియో చూడగానే 'మనమూ వెళ్లాల్సిందే' అనిపిస్తుంది. ఒకప్పుడు ఇలాంటి వీడియో అంటే మాల్దీవులే. 2024 జనవరిలో ప్రధాని మోదీ లక్షద్వీప్ ఫొటోలు పెట్టడం, వాటిపై మాల్దీవుల ఉప మంత్రులు నోరు పారేసుకోవడం, ఆ వెంటనే 'బాయ్‌కాట్ మాల్దీవ్స్' ట్రెండ్ అవ్వడం గుర్తుంది కదా! అప్పటి నుంచి మన దీవుల మీద జనం చూపు పెరిగింది.

అయితే లక్షద్వీప్ వెళ్లాలంటే ముందుగా పర్మిట్ కావాలి, కొచ్చి దాకా పోవాలి. చోడవరం, మాడుగుల, అనకాపల్లి వైపు వాళ్లకు అండమానే సులువు. భారతీయులకు మామూలు టూరిస్ట్ ప్రాంతాలకు పర్మిట్ అక్కర్లేదు. విశాఖ పోర్టు నుంచి ప్రయాణికుల ఓడ కూడా ఉంది. కాకపోతే రోజూ ఉండదు, తేదీలు ప్రకటించాకే ప్లాన్ చేసుకోవాలి. సముద్రం మీద సుమారు రెండున్నర రోజులు పడుతుంది. సెలవులు తక్కువుంటే చెన్నై, కోల్‌కతా లాంటి చోట్ల నుంచి విమానమే దిక్కు.

సాయంత్రం ఐదుకే చీకటి!

చాలా మంది దెబ్బతినేది ఇక్కడే. అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదు గంటలకే సూర్యుడు దిగిపోతాడు. మన ఊళ్లో లాగా మధ్యాహ్నం భోజనం చేసి, ఓ కునుకు తీసి, నాలుగున్నరకు బీచ్‌కి బయల్దేరితే అక్కడ చూడ్డానికేం మిగలదు. హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌ను 2004లో 'టైమ్' పత్రిక ఆసియాలోనే అత్యుత్తమమైనదిగా చెప్పింది. అది పడమర వైపు ఉన్న తీరం, అందమంతా సూర్యాస్తమయంలోనే. మూడున్నరకల్లా అక్కడ ఉండాలి. అదే దీవిలో కాలాపత్తర్ బీచ్‌లో సూర్యోదయం చూడాలంటే ఐదు గంటలకే లేవాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోండి.

ఇంకో తికమక పేర్లతో. 2018 డిసెంబర్ 30న హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ కాస్తా శ్రీ విజయపురం అయింది. టికెట్ మీద ఒక పేరు, ఏజెంట్ నోట ఇంకో పేరు.. రెండూ ఒకటే, కంగారు పడొద్దు.

ఈత రాకపోయినా స్కూబా.. కానీ!

స్కూబా డైవింగ్‌కు ఈత రావాలన్న రూలేం లేదు. మొదటిసారి చేసేవాళ్లను ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి దింపుతారు. అయితే ముందు ఆరోగ్య వివరాల ఫారం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉంటే దాచొద్దు. 'డబ్బులు కట్టేశాం కదా' అని 'లేదు' దగ్గర టిక్ పెట్టేయడం ప్రాణాల మీదకు తెస్తుంది. డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల గ్యాప్ ఉండాలి. అంటే చివరి రోజు పొద్దున్న డైవింగ్, మధ్యాహ్నం ఫ్లైట్ అని ప్యాకేజీలో రాసుంటే దాన్ని మార్చమనాల్సిందే.

డైవింగ్ వద్దనుకుంటే ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ ఉంది, అద్దాల అడుగున్న పడవలున్నాయి. నీల్‌లోని సహజ రాతి వంతెన దగ్గరకు నడిచి వెళ్లాలంటే నీళ్లు వెనక్కి తగ్గిన టైమ్ చూసుకోవాలి. ఏ రోజు ఏం చూడాలన్నది ఆటుపోట్లే తేలుస్తాయి మరి.

సముద్రం ఎంత మోసం చేస్తుందో మన జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2022 జూలైలో పూడిమడక బీచ్‌లో అనకాపల్లి ఇంజినీరింగ్ విద్యార్థులు అలల్లో కొట్టుకుపోయిన ఘటన ఇప్పటికీ మర్చిపోలేం. అండమాన్‌లో నీళ్లు అద్దంలా ఉంటాయి, లోతు తెలీదు. కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్ల హెచ్చరిక బోర్డులు కూడా కనిపిస్తాయి. అవి టూరిస్టులు సెల్ఫీ దిగడానికి పెట్టినవి కావు.

చివరి రోజు ఖాళీగా ఉంచండి

ప్యాకేజీలు చూస్తే ఆరో రోజు పొద్దున్న హేవ్‌లాక్ నుంచి ఫెర్రీ, అదే రోజు ఫ్లైట్ అని ఉంటుంది. సముద్రం అల్లకల్లోలమైతే ఫెర్రీలు ఆపేస్తారు. 2016 డిసెంబరులో వాతావరణం దెబ్బతిని వెయ్యి మందికి పైగా టూరిస్టులు హేవ్‌లాక్‌లో చిక్కుకుపోతే, చివరికి నేవీ రంగంలోకి దిగాల్సి వచ్చింది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజనే అయినా, నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండాల భయం ఉంటుందని మన తీరం వాళ్లకు తెలీనిదా? అందుకే తిరుగు ఫ్లైట్‌కు ముందు రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండేలా చూసుకోవాలి. ఒక రాత్రి హోటల్ ఖర్చు ఎక్కువైనా, కుటుంబం మొత్తానికి కొత్త ఫ్లైట్ టికెట్లు కొనే బాధ తప్పుతుంది.

ఆ రోజు వృథా కూడా కాదు. సెల్యులార్ జైలు అక్కడే ఉంది. 1906లో పూర్తయిన ఆ జైల్లో మొత్తం 693 గదులు, ఒక్కో ఖైదీకి ఒక్కో గది. ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి ఇక్కడే గడిపారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచి, రంప తిరుగుబాటులో శిక్షపడిన మన్యం వాళ్లలో కొందరిని పంపింది కూడా అండమాన్‌కే. చోడవరం దాటి పైకెళ్తే వచ్చే కొండలు వాళ్లవి. నా మటుకు ఈ ట్రిప్‌లో బీచ్ ఒకటి తగ్గినా పర్లేదు, ఇది మాత్రం వదలకూడదు.

ఫోన్ లోపల పెట్టాల్సిన చోటు

బారాటాంగ్ గుహలకు వెళ్లే దారి జార్వాల అడవిలోంచి పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి వాహనాలను నిర్ణీత టైమ్‌కి కాన్వాయ్‌గా వదులుతారు. దారిలో ఆగకూడదు, ఏమీ పంచకూడదు, ఫొటో, వీడియో అస్సలు తీయకూడదు. తీస్తే కేసు, జైలు శిక్ష. 2012లో జార్వా మహిళలతో డ్యాన్స్ చేయించిన వీడియో బయటపడి ప్రపంచమంతా మనల్ని తిట్టింది. 2025 మార్చిలో ఓ అమెరికన్ ఏకంగా నార్త్ సెంటినెల్ దీవిలో అడుగుపెట్టి, కొబ్బరికాయ, కూల్‌డ్రింక్ డబ్బా వదిలి వచ్చి అరెస్టయ్యాడు. బయటివాళ్ల జలుబు కూడా తట్టుకోలేని మనుషులు వాళ్లు. వ్యూస్ కోసం పని చేసే మేమే చెబుతున్నాం, ఆ గంట ఫోన్ బ్యాగులో పెట్టేయండి.

భాష గురించి దిగులు అక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం అక్కడ సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆటో డ్రైవరో, చేపలమ్మే ఆవిడో 'ఏ ఊరండీ మీది?' అని పలకరిస్తే ఆశ్చర్యపోవద్దు. ఫెర్రీ నడుస్తుందా, ఏ బీచ్‌లో ఇవాళ నీళ్లు బాగున్నాయి అనేది వాళ్లని అడిగితే ఏ యాప్ కన్నా కరెక్ట్‌గా చెప్తారు.

తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున దొరికిన పగడపు ముక్క ముచ్చటగా ఉందని బ్యాగులో వేసుకోకండి. పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో దొరికిపోతారు. గవ్వలు కావాలంటే లైసెన్సున్న షాపులో కొని, బిల్లు చేతిలోనే ఉంచుకోండి.