వంటింటి మాట: మిగిలిన చపాతీతో కీష్

సోదరీలారా, పట్నం నుండి పిల్లలు తెచ్చిన ఎయిర్ ఫ్రయర్ అప్పడాలకే పరిమితమైందా? అందులో కీష్ చేసి చూడండి. ఇది ఫ్రాన్సు దేశపు లొరేన్ ప్రాంతపు వంట. అక్కడ మైదా, వెన్న కలిపిన పిండిని పళ్లెంలో పరిచి, గుడ్లు, మీగడ పోసి కాలుస్తారు. మనకు రాత్రి మిగిలిన చపాతీ చాలు.

6 అంగుళాల కేకు గిన్నెకు నూనె రాసి, చపాతీని అంచులపైకి వచ్చేలా అదమండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, గుప్పెడు పాలకూర తడి ఆరేవరకు వేయించండి. ఇక్కడ తొందరపడితే కీష్ నీళ్లోడుతుంది. 3 గుడ్లు, 100 మి.లీ. పాలు, ఉప్పు, మిరియాల పొడి గిలకొట్టి, కూరతో కలిపి పోయండి. చీజ్ ఉంటే తురమండి, లేదని మానుకోనక్కరలేదు.

160 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు ఉంచాలి. నడుమ పుల్ల గుచ్చితే పచ్చిసొన అంటకూడదు. అంటితే మరో 5 నిమిషాలు. గర్భిణీ స్త్రీలకు, పసిపిల్లలకు పెట్టేటప్పుడు ఈ పరీక్ష అస్సలు మానవద్దు, పచ్చి గుడ్డు వారికి హాని. పైభాగం ముందే ఎర్రబడితే అల్యూమినియం రేకు కప్పవచ్చు గాని అంచుల కింద గట్టిగా మడవండి. లేకుంటే ఫ్యాను గాలికి ఎగిరి వేడితీగను తాకుతుంది.

10 నిమిషాలు ఆరాకే కోయండి. వేడిమీద ముక్క నిలవదు.