పెద్దాయన పరువు, పిల్ల ప్రాణం

1998లో థామస్ వింటర్‌బెర్గ్ తీసిన డేనిష్ సినిమా 'ఫెస్టెన్'. ఫెస్టెన్ అంటే వేడుక. ఇంటిపెద్దకి అరవయ్యో పుట్టినరోజు, మన లెక్కలో షష్టిపూర్తి. చుట్టపక్కాలంతా చేరాక పెద్దకొడుకు లేచి, చిన్నప్పుడు నాన్న తననీ, తన కవల చెల్లెలినీ ఎలా పాడుచేశాడో అందరిముందూ చెప్పేస్తాడు. ఆ చెల్లెలు అప్పటికే ఆత్మహత్య చేసుకుంది.

అంత మాట విన్నాక కూడా వడ్డన సాగుతూనే ఉంటుంది. కన్నతల్లి లేచి, వీడికి చిన్నప్పటినుంచీ ఊహలెక్కువ అంటూ, నాన్నకి క్షమాపణ చెప్పమంటుంది.

నాకు ఆ తండ్రికన్నా ఈ తల్లిమీదే ఎక్కువ ఒళ్ళు మండింది. ఆవిడ డెన్మార్కులోనే లేదు. జగ్గయ్యపేటలోనూ ఉంది, నందిగామలోనూ ఉంది. "ఛ, ఊరుకో, బాబాయి ముద్దుకి దగ్గరకి తీసుకున్నాడులే" అంటుంది. "పెళ్ళి కావలసిన పిల్లవి, బయటికి పొక్కితే ఎవరు చేసుకుంటారు?" అంటుంది. చెప్పినది మగపిల్లాడైతే నవ్వి తీసిపారేస్తుంది. పండక్కి ఆ బాబాయే వస్తే, ఆ పిల్లచేతే మంచినీళ్ళిప్పిస్తుంది.

మన ఇళ్ళలో ఇలాంటివి ఉండవు అనేవాళ్ళకి ఒక లెక్క. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేలమందికి పైగా పిల్లల్ని అడిగింది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు జరిగిందన్నవాళ్ళు సగానికి పైనే. చేసినవాళ్ళలో సగంమంది తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. ఎక్కువగా బయటపడిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇంటి గుట్టు అంటారా? 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ ఫిర్యాదు చెయ్యకపోవడం నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఆ చట్టం ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకటే. అయినా జైలు భయంతో నమ్మాలా మన బిడ్డని? పసిపిల్ల నోరు తెరవడానికి ఎంత ధైర్యం కూడగట్టుకుంటుందో ఆలోచించండి. మొదట చెప్పేది మనకే. మనం నోరు మూయిస్తే ఇంకెవరికీ చెప్పదు.

ఆ సినిమాలో అతిథులు జారుకోకుండా కారు తాళాలు దాచేసేది వంటింటివాళ్ళు. మర్నాడు ఉదయం తండ్రి ఫలహారానికి వస్తే, అంతకుముందు ఆయన్ని వెనకేసుకొచ్చిన చిన్నకొడుకే బల్ల దగ్గరనుంచి లేచి వెళ్ళిపొమ్మంటాడు. మన ఇళ్ళలో వంటిల్లు మన చేతుల్లోనే ఉంది. ఎవరికి విస్తరి వెయ్యాలో, ఎవరికి వెయ్యకూడదో మనమూ చెప్పగలం. ముందు బిడ్డని నమ్మండి, ఆ మనిషిని గడప తొక్కనివ్వకండి, 1098కి ఫోన్ చెయ్యండి.