క్యాసెట్‌లో సినిమా మనది, యాప్‌లో సినిమా ఎవరిది?

మూడేళ్ల కింద ఒక యాప్‌లో 'కొనండి' బటన్ నొక్కి ఒక సినిమా కొన్నా. అద్దెకి కాదు, పూర్తి రేటు పెట్టి కొన్నదే. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇంట్లో అందరితో కలిసి చూద్దామని ఓపెన్ చేస్తే లైబ్రరీలో లేదు. కస్టమర్ కేర్‌ని అడిగితే హక్కుల గడువు ముగిసింది అన్నారు. డబ్బులు అడిగితే కూపన్ ఇచ్చారు.

ఇదంతా చూస్తున్న మా చిన్నాయన అటకెక్కి ట్రంకు పెట్టె దించాడు. అందులో ఐదు వీహెచ్ఎస్ క్యాసెట్లు. "ఒరే అబ్బీ, నువ్వు కంప్యూటర్ చదివినోడివి కదా, ఇవి ఫోన్లో వచ్చేటట్టు చెయ్యి" అన్నాడు. వాటిలో ఒకటి ఆయన పెళ్లిది. మా అబ్బ, అంటే తాత, నడుస్తూ మాట్లాడుతూ కనిపించేది ఇంకెక్కడా లేదు, ఆ ఒక్క క్యాసెట్‌లోనే. ఆయన పోయేనాటికి నాకు నాలుగేళ్లు. గొంతు ఎట్లా ఉండేదో నాకు తెలీదు.

మూడేళ్ల కింద నేను కొన్నది మాయమైంది. పాతికేళ్లు దాటిన క్యాసెట్ మాత్రం పెట్టెలోనే ఉంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే సినిమా మొదటిసారి ఇంట్లోకి వచ్చిన రోజులకి వెళ్లాలి.

బీటామ్యాక్స్‌ని సోనీ 1975లో దించింది, వీహెచ్ఎస్‌ని జేవీసీ 1976లో. బీటా బొమ్మ కాస్త మెరుగే, కానీ మొదట్లో దాని క్యాసెట్‌లో గంటే పట్టేది. వీహెచ్ఎస్‌లో రెండు గంటలు పట్టేది. అప్పటికి సినిమా స్టూడియోలకి క్యాసెట్ల మీద ఆసక్తే లేదు. అమెరికాలో మిషిగన్‌కి చెందిన ఆండ్రే బ్లే అనే ఆయన స్టూడియోలకి ఉత్తరాలు రాసి, చివరికి ఫాక్స్ దగ్గర 50 సినిమాల లైసెన్స్ సంపాదించి, 1977లో ఒక్కో క్యాసెట్ 50 డాలర్లకి అమ్మడం మొదలుపెట్టాడు. అదే ఏడాది చివర్లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ అట్కిన్సన్ ఆ 50 సినిమాలూ కొనుక్కొచ్చి అద్దెకిచ్చే షాపు తెరిచాడు. స్టూడియోలు బెదిరించాయి. కానీ అక్కడి చట్టం ప్రకారం ఒకసారి అమ్మిన కాపీ కొన్నవాడి సొత్తు. అద్దెకిస్తాడో, అమ్ముకుంటాడో, పక్కింటాయనకి ఇస్తాడో వాడిష్టం. వీడియో షాపులన్నీ ఈ ఒక్క పాయింట్ మీద నిలబడ్డవే.

ఇంకో కేసు ఇంట్లో రికార్డింగ్ మీద. యూనివర్సల్, డిస్నీ కలిసి సోనీ మీద వేస్తే, 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో సోనీ వైపు తీర్పిచ్చింది. ఒక్క జడ్జి అటు మారి ఉంటే మనం వాడే సగం గ్యాడ్జెట్ల చరిత్ర వేరేలా ఉండేది. తమాషా ఏంటంటే, క్యాసెట్ వస్తే మేం చచ్చిపోతాం అని గోల పెట్టిన స్టూడియోలే తర్వాత థియేటర్ల కంటే క్యాసెట్ల మీద ఎక్కువ సంపాదించుకున్నాయి.

ఇక మన సంగతి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల టైములో కలర్ టీవీ వచ్చింది. వీసీఆర్ మాత్రం మా కడప జిల్లా ఊళ్లలోకి ఎక్కువగా కువైట్ నుంచి వచ్చింది. రాజంపేట, రాయచోటి వైపు నుంచి పనికెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు తెచ్చేవాళ్లు. ఇక్కడొక టెక్నికల్ అదృష్టం ఉంది: కువైట్‌దీ మనదీ ఒకే పాల్ పద్ధతి. డబ్బా తెరిచి వైర్లు తగిలిస్తే పని చేసేది. అమెరికా నుంచి తెచ్చిన ఎన్‌టీఎస్‌సీ డెక్ అయితే మన క్యాసెట్‌ని సరిగ్గా చూపించేది కాదు.

ఇంకోటి కూడా కలిసొచ్చింది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ-180 క్యాసెట్‌లో దాదాపు 258 మీటర్ల టేప్ ఉంటుంది. పాల్ డెక్‌లో అది సెకనుకి 2.339 సెంటీమీటర్లు నడుస్తుంది. భాగహారం చేసి చూడండి, మూడు గంటల పైన మూడు నాలుగు నిమిషాలు. అదే టేప్ ఎన్‌టీఎస్‌సీ మామూలు స్పీడులో రెండు గంటల పది నిమిషాలకి మించదు. మన సినిమా ఎంత? రెండున్నర నుంచి మూడు గంటలు. హాలీవుడ్ సినిమా కొలతకి తయారైన వస్తువు, పాల్ పుణ్యమా అని ఆరు పాటలు, నాలుగు ఫైట్లతో సహా మన సినిమాకి అతికినట్టు సరిపోయింది. గంట బీటా క్యాసెట్ అయితే ఇంటర్వెల్ దాకా కూడా వచ్చేది కాదు.

మా ఊళ్లో సొంత వీసీఆర్ ఉన్న ఇల్లు దాదాపు లేదు. చిన్నాయన చెప్పిందాన్ని బట్టి, ఇంటికింత అని చందా వేసుకుని ప్రొద్దుటూరు నుంచి టీవీ, డెక్కు, స్టెబిలైజర్ ఒక రాత్రికి అద్దెకి తెచ్చేవాళ్లు. అరుగు మీద టీవీ పెట్టి తెల్లారేదాకా మూడో నాలుగో సినిమాలు. బొమ్మ మసకబారితే డెక్కు తెచ్చినాయన మూత తీసి, హెడ్‌ని కొత్త నోటుతో తుడిచేవాడంట. (ఇప్పుడెవరూ చేయకండి. హెడ్ విరుగుతుంది.) మఠం మొత్తం ఎక్కువసార్లు అడిగి వేయించుకున్న సినిమా ఏదో చెప్పాల్సిన పనిలేదు: ఎన్టీఆర్ స్వయంగా తీసి, బ్రహ్మంగారిగా నటించిన 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర'. 1984 నవంబరులో విడుదలైంది, అప్పటికి ఆయన ముఖ్యమంత్రి. తెరమీది బొమ్మలు రాజ్యమేలుతాయని కాలజ్ఞానంలో ఉందని మా జేజి ఇప్పటికీ వాదిస్తుంది. నేను ఎదురు చెప్పను, అన్నం పెట్టేది ఆమే.

మన పెట్టెలోనూ ఆ సినిమా క్యాసెట్ ఉంది. నిజాయితీగా చెప్పాలంటే అది దొంగ కాపీ అనే నా అనుమానం. 1984లోనే మన కాపీరైట్ చట్టాన్ని సవరించి, వీడియో క్యాసెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, సెన్సార్ సర్టిఫికెట్ వివరాలు ఉండి తీరాలన్నారు. పైరసీకి మూడేళ్ల దాకా జైలు పెట్టారు. మా క్యాసెట్ మీద ఉన్నదల్లా బాల్ పెన్నుతో రాసిన 'బ్రహ్మంగారు'. అంతే. కాబట్టి ఆ రోజుల్లో అంతా ధర్మంగా నడిచిందని నేను అనను. నిర్మాత పొట్ట కొట్టిన కాపీలు లెక్కలేనన్ని. పైగా కాగితం మీద మన చట్టం అమెరికా అంత ఉదారంగా కూడా లేదు. సినిమా కాపీని ఒకసారి అమ్మేసినా, దాన్ని మళ్లీ అమ్మే, అద్దెకిచ్చే హక్కు నిర్మాతదేనని 1994 సవరణలో స్పష్టంగా రాశారు. 2012లో గానీ అది కాస్త సడలలేదు.

కానీ చట్టం ఏం చెప్పినా, నీ అటక మీదున్న క్యాసెట్‌ని దూరం నుంచి చెరిపే బటన్ ఎవరి దగ్గరా లేదు. అదీ అసలు తేడా.

2023 డిసెంబరులో ప్లేస్టేషన్ స్టోర్ యూజర్లకి ఒక మెసేజ్ వచ్చింది: మీరు కొన్న డిస్కవరీ షోలు నెలాఖరుకి మీ లైబ్రరీ నుంచి పోతాయని. గొడవయ్యాక ఆ నిర్ణయం ఆపారు. ఆపారు అంటే, ఆపాలా వద్దా అనేది వాళ్ల చేతిలోనే ఉందని అర్థం. కాలిఫోర్నియాలో ఒక చట్టం చేసి 2025 జనవరి 1 నుంచి అమలు చేస్తున్నారు. ఇస్తున్నది లైసెన్స్ మాత్రమే అయితే, ఆ సంగతి తేటగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. మన దగ్గర అలాంటిదేమీ లేకపోయినా పర్లేదు, కనీసం రివ్యూలు రాసే మేమైనా చెప్పాలి కదా. టీవీ రివ్యూలో నిట్స్ కొలుస్తాం, డాల్బీ విజన్ ఉందా లేదా అని మూడు పేరాలు రాస్తాం. అందులో ముందే వేసొచ్చే యాప్ స్టోర్‌లో కొన్న సినిమా అకౌంట్ పోతే ఏమవుతుందో, ఫైల్ బయటికి తీయొచ్చో లేదో ఒక్క లైను ఉండదు. నేను రాసినవాటిలో కూడా లేదు. ఇకనుంచి పెడతా.

"అంత ప్రేముంటే వీసీఆర్‌లోనే చూసుకో" అంటారని తెలుసు. లేదు బాస్, క్వాలిటీ విషయంలో నాకే భ్రమలూ లేవు. వీహెచ్ఎస్ అడ్డంగా చూపించేది సుమారు 240 లైన్ల వివరమే. మీ స్మార్ట్‌వాచ్ స్క్రీన్ నయం. వేసిన ప్రతిసారీ టేప్ అరుగుతుంది. ఎండకీ తేమకీ పాడవుతుంది. పైగా మిషన్లే అంతరించిపోతున్నాయి: జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. అంటే టేప్ బతికున్నా చదివేవాడు లేడు. అందుకే చిన్నాయన అడిగిన పని వాయిదా వేయలేదు.

ప్రొద్దుటూరులో ఒక మెకానిక్ దగ్గర మూల పడేసిన వీసీఆర్ దొరికింది. బెల్ట్ మార్చి, హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి ఇచ్చాడు. మొదట ఆన్‌లైన్‌లో దొరికే చవక యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ వాడా. వేస్ట్. టేప్ టైమింగ్ కాస్త ఊగగానే ఫ్రేములు వదిలేస్తుంది, పది నిమిషాలకి మాట ఒక దారి, పెదాలు ఒక దారి. తర్వాత 'వీహెచ్ఎస్-డీకోడ్' అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ పట్టుకున్నా. ఇందులో వీసీఆర్ ఇచ్చే వీడియో మనకక్కర్లేదు. నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్ మీది హెడ్ల నుంచి వచ్చే ముడి సిగ్నల్‌నే పాత టీవీ ట్యూనర్ కార్డ్‌తో రికార్డ్ చేసి, మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌లో చేస్తాం. టైమింగ్ సరిదిద్దడం కూడా. వైర్ సోల్డర్ చేయాలి, హార్డ్ డిస్క్ నిండిపోతుంది, నా ల్యాప్‌టాప్ రాత్రంతా అరుస్తూనే ఉంది. కానీ వచ్చిన బొమ్మ చూశాక ఆ స్టిక్ మళ్లీ ముట్టుకోలేదు. మాస్టర్ కాపీ ఎఫ్ఎఫ్‌వీ1లో దాచుకోండి, వాట్సాప్‌లో పంపడానికి వేరే చిన్న కాపీ తీసుకోండి.

పెళ్లి క్యాసెట్ చివరిదాకా వెళ్లాక ఒక విషయం బయటపడింది. అప్పగింతలు అయ్యాయి, కెమెరా బస్సు వైపు తిరిగింది, తెర మీద రెండు సెకన్లు తెల్లటి చుక్కలు. తర్వాత కాషాయంలో ఎన్టీఆర్. బ్రహ్మంగారి సినిమా, చివరి ముప్పావుగంట. చిన్నాయనని అడిగితే నవ్వాడు. వీడియో తీసినాయన కాపీకి ఖాళీ క్యాసెట్ తెమ్మంటే కొత్తది కొనడం దండగని, ఇంట్లో రెండు 'బ్రహ్మంగారు' ఉంటే ఒకటి తీసి ఇచ్చాడంట. అంచున విరగ్గొట్టిన ట్యాబ్ దగ్గర సెల్లో టేప్ అంటిస్తే చాలు, మళ్లీ రికార్డ్ అవుతుంది. ఏ యాప్‌లో కొన్న సినిమా మీదైనా మన పెళ్లి రికార్డ్ చేసుకోగలమా? మన వస్తువు కాబట్టి పాడు చేసుకున్నాం. పాడు చేసుకున్నాం కాబట్టే అబ్బ మిగిలాడు.

ఆయన కనిపించేది మొత్తం నలభై సెకన్లు. భోజనాల బంతి దగ్గర నిలబడి ఎవరినో కేకేసి "పప్పు ఇంకొంచెం ఎయ్యండ్రా" అంటాడు. గొంతు చిన్నాయనదే, కాస్త బొంగురు. జేజి ఆ ముక్క మూడుసార్లు వేయించుకుని, నాలుగోసారి ఫోన్ నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

ఇంకా రెండు క్యాసెట్లు మిగిలున్నాయి. ఒకదాని మీద తెల్లటి బూజు ఉంది, అది శుభ్రం చేయకుండా డెక్‌లో పెడితే హెడ్ కూడా పోతుంది. రెండోదాని మీద లేబులే లేదు. వచ్చే నెల ఊరెళ్లినప్పుడు ముందు దాన్ని పెడతా.