చేతిలో ఫోను - చేజారుతున్న అక్షరం

యంత్రాలంటే నాకు చిన్నప్పటి నుంచీ మోజు. మదరసాలో చదివే రోజుల్లో ఉస్తాద్ గారి ట్రాన్సిస్టరు వెనక మూత విప్పి చీవాట్లు తిన్నవాణ్ణి. ఊళ్లోకి టేపు రికార్డరు వచ్చినా, బస్టాండు పక్కన ఎస్.టి.డి. బూతు వెలిసినా, ఆ తరువాత కంప్యూటరు, సెల్‌ఫోను వచ్చినా మా వీధిలో అందరికన్నా ముందు సంతోషించింది నేనే. కొత్త వస్తువును చూడగానే పెదవి విరిచే పెద్దలతో నాకు ఏనాడూ పొసగలేదు. ఒకప్పుడు దుబాయిలో ఉన్న కొడుకు గొంతు వినాలంటే, అక్కడి నుంచి ఎవరో ఒకరు క్యాసెట్టు పట్టుకొచ్చేదాకా తల్లి నెలల తరబడి ఎదురుచూసేది. ఇవాళ జనగామలో కూర్చుని రోజూ వాడి ముఖం చూస్తోంది. ఇది అల్లాహ్ మనకు చేసిన మేలు కాదా?

కాబట్టి ఈ వారం నేను రాస్తున్నది ఫోను మీద కోపంతో కాదని పాఠకులు గమనించాలి. ఫోను బాగానే ఉంది. దాన్ని పట్టుకున్న మన చేతిని గురించే నా బాధ.

కొద్ది రోజుల క్రితం జనగామలో ఒక మిత్రుని ఇంటికి వెళ్లాను. మిత్రుడు కాలం చేసి రెండేళ్లయింది. ఆ ఇంట్లో మనవరాలి పెళ్లి కుదిరింది. ప్రెస్సు నుంచి పెళ్లి రుఖాలు అప్పుడే వచ్చాయి. ఒక వైపు ఉర్దూ, రెండో వైపు ఇంగ్లీషు. చూపు మందగించిన నానమ్మ, తొమ్మిదో తరగతి చదువుతున్న చిన్న మనవరాలి చేతికి ఒక కార్డు ఇచ్చి "చదువు బేటీ" అన్నది. ఆ అమ్మాయి కార్డు తిప్పి ఇంగ్లీషు వైపు గడగడా చదివేసింది. "ఇటు వైపు ఏం రాశారో అది చదువు. మీ తాతయ్య పేరు సరిగ్గా వేశారో లేదో" అన్నది నానమ్మ. "అది నాకు రాదు దాదీ" అన్నది అమ్మాయి.

విచిత్రం ఏమిటంటే, ఆ అమ్మాయి పొద్దున లేచింది మొదలు ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే. ఫోనులో స్నేహితురాళ్లకు రాసేదీ ఉర్దూయే. కాని రాసేది ఇంగ్లీషు అక్షరాలతో. వాళ్ల అమ్మ తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివింది, తెలుగు దినపత్రిక చక్కగా చదువుతుంది. ఆమె కూడా బడి గ్రూపులో టీచరమ్మకు "పాపకు జ్వరం, రేపు రాదు" అని ఇంగ్లీషు అక్షరాల్లోనే పెడుతుంది. రెండు భాషలున్న ఇల్లు అది. ఆ రెండింటి అక్షరాలూ ఆ ఇంటి ఫోనుల్లోకి రాలేదు.

ఈ అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి ఒక కారణం ఉంది. అది తెలుసుకుంటే ఎవరినీ తప్పుపట్టబుద్ధి కాదు. తొలినాళ్ల సెల్‌ఫోనులో మీటలు కొన్నే. రెండో అంకె మీటను మూడుసార్లు నొక్కితే ఇంగ్లీషు 'సి' అక్షరం పడేది. తెలుగు, ఉర్దూ అక్షరాలు చాలా ఫోనుల్లో కనిపించేవే కావు, డబ్బాల్లా పడేవి. అంతకన్నా పెద్ద చిక్కు ఎస్సెమ్మెస్‌ది. ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పట్టేవి. తెలుగులోనో ఉర్దూలోనో రాస్తే 70 సంకేతాలకే నిండిపోయేది. పైగా తెలుగులో ఒత్తుకొకటి, గుణింతానికొకటి లెక్క. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికే ఆరు సంకేతాలు ఖర్చయ్యేవి. సందేశం రెండుగా విడిపోతే డబ్బులూ రెండింతలే. పేదవాడు ఏం చేస్తాడు? ఇంగ్లీషు అక్షరాలు పట్టుకున్నాడు. అది ఆనాటి అవసరం.

ఇవాళ ఆ లెక్క లేదు. వాట్సాప్‌లో పేజీలకు పేజీలు రాసినా విడిగా పైసా పడదు. మన దేశంలో అమ్మే ఫోనుల్లో 22 అధికార భాషల అక్షరాలూ కనబడాలని 2016లో ప్రభుత్వ ప్రమాణం కూడా వచ్చింది. ఆ ఇరవై రెండింటిలో తెలుగూ ఉంది, ఉర్దూ ఉంది. ఇబ్బంది తొలగిపోయింది, అలవాటు మాత్రం మిగిలిపోయింది.

ఈ అక్షరాలను యంత్రంలోకి ఎక్కించడానికి ఎంత శ్రమ పడ్డారో మన పిల్లలకు చెప్పాలి. ఉర్దూ రాసే నస్తలీఖ్ లిపి అచ్చుకు లొంగేది కాదు. అందులో అక్షరాలు గీత మీద నిలబడవు, ఏటవాలుగా పైనుంచి కిందికి జారుతూ వస్తాయి. పక్కన ఏ అక్షరం ఉన్నదో దాన్నిబట్టి రూపం మారుతుంది. అందుకే ఉర్దూ పత్రికలను దశాబ్దాల పాటు కాతిబులు చేత్తో రాస్తే, ఆ రాతనే అచ్చు వేసేవారు. 1927లో మొదలైన చెన్నైలోని 'ముసల్మాన్' పత్రిక ఈ శతాబ్దంలో కూడా చేతిరాతతోనే వెలువడింది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ అనే కళాకారుడు వేలాది అక్షర సంయోగాలను విడివిడిగా రాసి ఇస్తే, నూరీ నస్తలీఖ్ పేరుతో అవి యంత్రానికి ఎక్కాయి. లాహోర్ 'జంగ్' పత్రిక ఆ లిపితో వచ్చింది. 1994లో ఢిల్లీలో ఇన్‌పేజ్ అనే ప్రోగ్రాము తయారయ్యాక మన ఊళ్ల ప్రెస్సుల్లోనూ రుఖాలు కంప్యూటరు మీద కూర్చడం మొదలైంది. 2014లో గూగుల్ వారు ఉచితంగా నస్తలీఖ్ ఫాంటు ఇచ్చారు. 2017లో ఐఫోనులోనూ ఉర్దూ ఆ లిపిలోనే కనబడసాగింది.

తెలుగుకూ ఇలాంటి చరిత్రే ఉంది. ఎందరో భాషాభిమానులు జీతం భత్యం లేకుండా ఫాంట్లు తయారుచేసి పంచిపెట్టారు. ఆ తొలితరం ఫాంట్లలో ఒకదాని పేరు పోతన. పోతన గారి ఊరని చెప్పుకునే బమ్మెర ఎక్కడున్నది? మన జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనే. పోతన పేరు పెట్టుకున్న అక్షరాలు ప్రపంచమంతా తిరుగుతుంటే, పాలకుర్తి బస్సులో కూర్చున్న కుర్రవాడు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నాడు.

"అర్థమైతే చాలదా మౌల్వీ సాబ్, ఏ అక్షరమైతే ఏమిటి?" అని కొందరు అడుగుతారు. అర్థమే చిక్కు. 'కల' అని రాసినా, 'కళ' అని రాసినా ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కటే. 'పాడు', 'పాదు', 'పడు' మూడూ ఒకే మూసలో పడతాయి. ఉర్దూలో అయితే మరీ ప్రమాదం. ఐన్ అక్షరంతో మొదలయ్యే 'అలీమ్' అంటే సర్వం తెలిసినవాడు. అలిఫ్‌తో మొదలయ్యే 'అలీమ్' అంటే బాధాకరమైనది. ఇంగ్లీషు అక్షరాల్లో రెంటికీ తేడా లేదు.

ఇక రాయడమే మానేసి గొంతు రికార్డు చేసి పంపేవారు రోజురోజుకూ పెరుగుతున్నారు. చదువు రాని వృద్ధులకు ఇది గొప్ప వరం. ఈ సదుపాయం లేకపోతే మా ఖాలాజాన్ ఎవరితోనూ మాట్లాడలేకపోయేవారు. కాని చదువుకున్నవాళ్లు కూడా దీనికే అలవాటు పడితే ఏమవుతుందో భూపాలపల్లిలో చూశాను. నాకు తెలిసిన ఒక సింగరేణి కార్మికుడు భూగర్భ గనిలో పనిచేస్తాడు. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. షిఫ్టు దిగి పైకి వచ్చేసరికి ఇంటి నుంచి ఏడెనిమిది వాయిస్ మెసేజీలు ఉంటాయి. బస్సు మోతలో ఏదీ సరిగా వినబడదు. బిగ్గరగా పెడితే ఇంటి గుట్టు పదిమంది వింటారు. అమ్మకు మందులు తెమ్మన్న మాట ఏ మెసేజీలో ఉన్నదో తెలియక అన్నీ మొదటి నుంచి వినాలి. "రెండు ముక్కలు రాస్తే ఒక్క చూపులో తెలిసేది కదా సాబ్" అన్నాడు. రాయవచ్చు. భార్యకు ఉర్దూ రాయడం వచ్చు, అతనికి చదవడం రాదు. అతనికి తెలుగు చదవడం వచ్చు, ఆమెకు రాయడం రాదు. ఇద్దరూ ఒకే భాషలో మాట్లాడుకుంటూ సంసారం చేస్తున్నవాళ్లే.

ఇదంతా చిన్న విషయమని అనిపించవచ్చు. మహబూబాబాదులో నాకు ఎదురైన సంగతి చెబుతాను.

నిజాం రాజ్యంలో 1880 దశకంలో ఫార్సీ స్థానంలో ఉర్దూ ప్రభుత్వ భాష అయింది. ఆ తరువాత 1948 దాకా మన తెలంగాణ పల్లెల్లో భూమి కాగితాలు, దస్తావేజులు, సేత్వారులు ఎన్నో ఉర్దూలోనే నడిచాయి. ఆ అలవాటు కొద్దీ పెద్దలు ఆ తరువాత కూడా ఇంటి లెక్కలు ఉర్దూలోనే రాసుకునేవారు. మహబూబాబాదులో ముగ్గురు అన్నదమ్ములు అలాంటి రేకుపెట్టె ఒకటి నా ముందు పెట్టారు. తాతగారి కాగితాలు. చిన్నవాడు చురుకైనవాడు. అప్పటికే ఫోనుతో ఫొటో తీసి అనువాదం చేయించాడు. వచ్చింది తలా తోకా లేని మాటల కుప్ప. అందులో ఫోను తప్పు లేదు. ఆ రాత శికస్తా - అక్షరాలను విరిచి, చుక్కలు వదిలేసి వేగంగా రాసే గొలుసుకట్టు రాత. అచ్చు అక్షరాలు చదివే యంత్రం దాని ముందు తడబడింది.

నేను కళ్లజోడు పెట్టుకుని మెల్లగా చదువుకుంటూ పోయాను. రశీదులు, ఎద్దుల కొనుగోలు, అప్పుల జాబితా. చివర ఒక చిన్న కాగితం. బావి వెనక ఉన్న చెలక తన చెల్లెలి వాటా అని, ఆమె అత్తవారింట ఉండటం వల్ల తాను దున్నుతున్నానని, తన తరువాత అది ఆమెకో ఆమె పిల్లలకో అప్పగించాలని తాతగారు రాసి సంతకం చేశారు. చదవడం పూర్తయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన మాత్రం "ఇంకోసారి చదవండి" అన్నాడు. ఆ చెల్లెలు ఎప్పుడో కాలం చేసింది. ఆమె పిల్లలు డోర్నకల్ వైపు కూలి చేసుకుంటున్నారు. ఆ పెట్టె ముప్పై ఏళ్లుగా ఆ ఇంటి అటక మీదే ఉంది.

ఆ తరువాత వారేం చేశారన్నది వారి ఇంటి విషయం. నేను అడగలేదు. ఆడబిడ్డ హక్కు ఎంత బరువైనదో మనకు తెలుసు. ఆ హక్కును ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ దాచలేదు. చదివేవారు లేక అది మరుగున పడింది. మన ఇళ్లలో ఇలాంటి పెట్టెలు ఇంకా ఎన్ని ఉన్నాయో!

మరి దీనికి దారేమిటి? ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. ఉద్యోగానికి, పై చదువుకు అది కావాలి. బద్ర్ యుద్ధంలో పట్టుబడి, పరిహారం చెల్లించలేని ఖైదీల్లో చదువు వచ్చినవారు పిల్లలకు చదవడం, రాయడం నేర్పి విడుదల పొందారని చరిత్ర చెబుతోంది. యూదుల లిపి నేర్చుకోమని దైవప్రవక్త (స) ఆదేశిస్తే, హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) పక్షం రోజులు గడవకముందే నేర్చుకున్నారు. ఇతరుల లిపి నేర్చుకోవడానికి ఆయనకు పదిహేను రోజులు పట్టలేదు. మన ఇంటి లిపి నేర్చుకోవడానికి మనకు ఒక వేసవి సెలవు చాలదా?

ఫోనే ఇందుకు సాయపడుతుంది. సెట్టింగుల్లో భాషల దగ్గర ఉర్దూ, తెలుగు కీబోర్డులు రెండూ చేర్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. నోటితో చెబితే అక్షరాలుగా మారే సదుపాయం 2017 నుంచి ఈ రెండు భాషలకూ ఉంది. పిల్లలు మాట చెప్పి, తెర మీద పడిన అక్షరాలతో పోల్చుకుంటూ చదవడం నేర్చుకోవచ్చు. రోజుకు ఒక్క సందేశం దాదీకో, నానీకో ఉర్దూ లిపిలో పంపాలని నియమం పెట్టండి. ఉర్దూ రానివారు కనీసం తెలుగు అక్షరాల్లో రాయండి. అవీ మన అక్షరాలే. మసీదు కమిటీల వారు గ్రూపుల్లో పెట్టే ప్రకటనలు రెండు లిపుల్లోనూ పెడితే చదవలేనివారు ఉండరు.

2017 నవంబరులో మన రాష్ట్రంలో ఉర్దూను రెండో అధికార భాషగా చేస్తూ శాసనసభ చట్ట సవరణ చేసింది. సంతోషమే. కాని దరఖాస్తు ఉర్దూలో రాయగల చేయి ఇంట్లో లేకపోతే ఆ చట్టం ఎవరికి ఉపయోగం?

జనగామ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు కార్డు మీద వాళ్ల తాతయ్య పేరు వేలుపెట్టి చూపించాను. పేరు పక్కన ఉన్న 'మర్హూమ్' అనే మాటను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. వాళ్ల దాదీ కళ్లు తుడుచుకుంది. పదో రోజున ఆ అమ్మాయి నుంచి నా ఫోనుకు ఉర్దూ లిపిలో ఒక సందేశం వచ్చింది. రెండు వరుసల్లో మూడు తప్పులున్నాయి. దిద్ది పంపాను. మరునాడు వచ్చిన దాంట్లో ఒకటే ఉంది.

ఈ శుక్రవారం నమాజు నుంచి ఇంటికి వచ్చాక, మీ పిల్లల ఫోనులో ఏ ఏ కీబోర్డులు ఉన్నాయో ఒకసారి అడిగి చూడండి. అటక మీద రేకుపెట్టె ఉంటే అదీ దింపించండి.