రాజధానిని చూసి కాదు, రైలును చూసి ఇల్లు కొనండి

మా పాములపాడు మండలం బనకచెర్ల దగ్గర కృష్ణా నీళ్లు దారులు చీలతాయి. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చిన కాలువ ఇక్కడ మూడు పాయలవుతుంది. ఒకటి వెలుగోడు మీదుగా తెలుగుగంగకు, ఒకటి శ్రీశైలం కుడిగట్టు కాలువకు, ఇంకొకటి నిప్పులవాగులో పడి కేసీ కాలువ వైపుకు. తెలుగుగంగ నీళ్లు మద్రాసు దాకా పోతాయి. మన పిల్లలు హైదరాబాదు దాకా పోతారు. డిగ్రీ పట్టా చేతికొచ్చిన మర్నాడే సంచి సర్దుకుని బస్సెక్కుతారు. పదేళ్లు అద్దె కొంపల్లో గడిపాక ఒక మాట మొదలవుతుంది: "ఎన్నాళ్లీ అద్దెలు? ఒక ఇల్లు కొనుక్కుందాం."

ఉద్యమ పత్రికలో ఇళ్ల స్థలాల గోలేమిటని కొందరు మిత్రులు అడగొచ్చు. ఉద్యమం చేసేవాడికి ఇల్లు వద్దా? సీమ ఉద్యోగి తన జీవితంలో పెట్టే అతి పెద్ద ఖర్చు ఇల్లే. ఊళ్లో రెండెకరాలు అమ్మి, ఇంట్లో బంగారం కుదువపెట్టి, ఇరవై ఏళ్ల జీతం బ్యాంకుకు రాసిచ్చి కొంటాడు. అది మునిగితే ఆ కుటుంబం మళ్లీ లేవడం కష్టం. అందుకే ఈ మాటలు రాయాల్సి వస్తోంది.

మూడు రాజధానులు, ముప్పై పుకార్లు

మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు మొదట చూసేది రాజధాని ఎక్కడని. ఈ అలవాటు మనల్ని ఎన్నిసార్లు దెబ్బతీసిందో చూడండి. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు నడిపారు. మూడేళ్లు దాటి నెల తిరిగేసరికి, 1956 నవంబర్ 1న, రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది. ఆ తర్వాత 58 ఏళ్లు మన చదువులు, మన జీతాలు, మన పొలాలమ్మిన డబ్బు అక్కడే పోశాం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024 జూన్ 2తో తీరిపోయింది.

ఈలోగా అమరావతి అన్నారు. 2015లో శంకుస్థాపన జరిగింది, అక్కడ గజం ధర ఆకాశానికి లేచింది. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చింది. అమరావతిలో కొన్నవాళ్లు బోరుమన్నారు, కర్నూలు చుట్టూ న్యాయ రాజధాని పేరు చెప్పి ప్లాట్ల బేరాలు మొదలయ్యాయి. 2021 నవంబర్‌లో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. 2024లో ప్రభుత్వం మారింది, మళ్లీ అమరావతి అన్నారు. అయిదేళ్లకోసారి మారే మాట మీద ఇరవై ఏళ్ల అప్పు చేసేవాణ్ని ఏమనాలి?

రాజధాని ఒక జీవోతో లేచిపోతుంది. వేసిన రైలు పట్టాను పీకి పక్క ఊరికి మోసుకుపోయిన ప్రభుత్వం ఇంతవరకు లేదు. ఇల్లు కొనేవాడు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే: నీ ఇంటి నుంచి పనికి, బడికి, ఆస్పత్రికి, సొంతూరికి సొంత బండి లేకుండా పోగలవా? పోగలిగితే రాజధాని ఎక్కడుంటే నీకేం?

నాలుగు దిక్కులు, నాలుగు లెక్కలు

ఉద్యోగం హైదరాబాదులో ఉండి, అక్కడే కొనక తప్పని వారి కోసం ఆ శివార్ల లెక్క చూద్దాం.

దక్షిణం: ఆరాంఘర్, శంషాబాద్, షాద్‌నగర్. ఇది మన కర్నూలు రోడ్డు. సీమ బస్సులన్నీ దిగే దారి. కర్నూలు నుంచి కాచిగూడకు పోయే రైలు మార్గం కూడా షాద్‌నగర్, ఉందానగర్ మీదుగానే ఉంది. 2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్ ఉందానగర్ దాకా వచ్చింది. ఊరికి రాకపోకలు ఎక్కువున్నవారికి ఈ దిక్కు అనువు. అయితే ఇటువైపు 111 జీవో ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు తీసేస్తున్నామన్నారు. "ఎత్తేశారంట" అన్న ఒక్క ముక్క పట్టుకుని కొనకండి. ఆ సర్వే నంబరులో కట్టుకోవచ్చని రాతలో చూపించమనండి.

తూర్పు: ఎల్బీనగర్, వనస్థలిపురం, నాగోలు, ఉప్పల్. నాగోలుకు 2017లో, ఎల్బీనగర్‌కు 2018లో మెట్రో వచ్చింది. ఎల్బీనగర్ మెట్రో ఎంజీబీఎస్ మీదుగా పోతుంది కనుక కర్నూలు బస్సు దిగి నేరుగా మెట్రో ఎక్కొచ్చు.

పడమర: మియాపూర్, చందానగర్, లింగంపల్లి, రామచంద్రాపురం. లింగంపల్లికి ఎంఎంటీఎస్ 2003 నుంచే ఉంది, మియాపూర్‌కు మెట్రో 2017 నుంచి ఉంది. సాఫ్ట్‌వేర్ కొలువులకు దగ్గర. ధర కూడా అందుకు తగ్గట్టే మండుతుంది.

ఉత్తరం: మల్కాజిగిరి, అల్వాల్, బొల్లారం, మేడ్చల్. సికింద్రాబాదు నుంచి మేడ్చల్‌కు 2023లోనే ఎంఎంటీఎస్ మొదలైంది.

ఎటువైపు కొన్నా స్టేషను ఉందా అని అడిగి ఊరుకోవద్దు. పొద్దున మీ డ్యూటీ వేళకు బండి ఉందా, రాత్రి చివరి బండి ఎన్నింటికి, స్టేషన్ నుంచి ఇంటికి నడవగలమా అని అడగండి. కొనేముందు ఒక పనిరోజు ఆ దారిలో పోయి రండి. ఆదివారం కారులో తీసుకెళ్లి చూపించే దూరం వేరు, సోమవారం పొద్దున మనం పడే దూరం వేరు.

మ్యాపులో గీతకు డబ్బులివ్వకండి

"రేపో మాపో మెట్రో వస్తోంది" అనని బ్రోచరు లేదు. మొదటి దశ ప్రణాళికలో ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా మెట్రో ఉంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కడే ఆగింది. నగరానికి గుండెకాయ లాంటి పాతబస్తీకే అలా జరిగితే, ఊరవతల వెంచరుకు వస్తుందని ఎలా నమ్మడం? మన దగ్గరే చూడండి. నంద్యాల, ఎర్రగుంట్ల రైలు మార్గం మంజూరయ్యాక బండి నడవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2016లో నడిచింది. ఇవాళ నడుస్తున్న రైలుకే ధర కట్టండి. రేపటి రైలు వస్తే సంతోషిద్దాం.

చెరువును అడగండి

నీటితో ఆటలాడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1981లో శ్రీశైలం నీళ్లలో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లం. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన రాత్రి చూసినవాళ్లం. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాదు దక్షిణాన అప్పచెరువు తెగి, గగన్‌పహాడ్ దగ్గర మన కర్నూలు రోడ్డే కొట్టుకుపోయింది. బాలాపూర్ గుర్రం చెరువు తెగి కింది బస్తీలు మునిగాయి.

2024 జూలైలో హైడ్రా వచ్చాక చెరువుల పూర్తి నీటిమట్టంలో, అంటే ఎఫ్‌టీఎల్‌లో, కట్టినవాటిని కూలగొట్టడం మొదలైంది. బ్యాంకు అప్పు తీరకముందే ఇల్లు నేలమట్టమైన కుటుంబాలున్నాయి. బ్యాంకు అప్పిచ్చింది కదా అన్నది రుజువు కాదు. ఎఫ్‌టీఎల్ దాటాక కూడా పది హెక్టార్ల పైబడిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. సర్వే నంబరు పట్టుకుని హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుతో సరిచూడండి. ఆ చుట్టుపక్కల పాతకాపును ఒకరిని పలకరించండి. వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆయనకు తెలిసినంత ఏ ఇంజనీరుకూ తెలియదు. తాగేనీళ్ల సంగతీ అడగండి. నల్లా ఉందా, బోరా, ట్యాంకరా? ట్యాంకరైతే వేసవిలో నెలకెంతవుతుందో అద్దెకున్నవాళ్లను అడగండి, నిజం చెబుతారు.

కాగితం మాట్లాడాలి, ఏజెంటు కాదు

ఒకటి: ముప్పై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు మొత్తం తీయించి, మీకు తెలిసిన వకీలుకు చూపించండి. అమ్మేవాడు చూపించే వకీలుకు కాదు.

రెండు: ఆ భూమి నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో, ఉందేమో చూడండి. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. నోటరీ కాగితంతో ఇల్లు మీదైపోదు.

మూడు: రెరా నంబరు అడగండి. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లు గానీ ఉంటే ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. ఒప్పందం రిజిస్టరు కాకుండా పది శాతానికి మించి డబ్బు తీసుకోకూడదు. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. "ప్రీలాంచ్, సగం ధరకే, మొత్తం ఒకేసారి కట్టాలి" అన్నవాడు ఈ మూడింటినీ ఒక్క దెబ్బతో కాలరాస్తున్నాడని అర్థం. అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

నాలుగు: ధర కార్పెట్ ఏరియా మీద లెక్కగట్టండి. భూమిలో మీ వాటా ఎన్ని గజాలో దస్తావేజులో రాయించుకోండి. ఫ్లాటు పాతబడితే మిగిలేది ఆ గజాలే.

అయిదు: చెప్పిన ధర మీద ఇంకా ఖర్చుంటుంది. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చును 2021 జూలైలో ఏడున్నర శాతానికి పెంచారు. కడుతున్న ఫ్లాటుకు జీఎస్టీ ఉంటుంది. ఓసీ వచ్చిన తర్వాత కొంటే జీఎస్టీ ఉండదు.

ఇక కిస్తీ. 50 లక్షల అప్పు, 20 ఏళ్లు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అయితే నెలకు దాదాపు 43,400 రూపాయలు. చివరికి కట్టేది కోటీ నాలుగు లక్షలు. అంటే ఒక ఇల్లు మనకు, ఇంకో ఇల్లు బ్యాంకుకు. ఈ కిస్తీ పోగా జీతంలో సగమైనా మిగలకపోతే ఇంకొన్నాళ్లు అద్దెకుండటం అవమానమేమీ కాదు.

ఇల్లు కొంటే లోకల్ అయిపోరు

బ్రోచర్లలో ఎక్కడా రాయని మాట ఇది. మన ఉద్యోగులు, విద్యార్థులు శ్రద్ధగా చదవాలి. హైదరాబాదులో ఇల్లుంటే పిల్లలు అక్కడ లోకల్ అయిపోతారని చాలామంది అనుకుంటున్నారు. కారు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికత తేలేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ ఎక్కువకాలం చదివారన్న దాని మీద. అక్కడ 95 శాతం పోస్టులు స్థానికులకే. మెడికల్ సీట్లకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు అక్కడే చదవాలన్న తెలంగాణ నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి ఇంటి దస్తావేజు కన్నా పిల్లవాడి స్టడీ సర్టిఫికెట్ బరువైనది. మూడో తరగతి పిల్లను ఇక్కణ్నుంచి అక్కడికి, ఎనిమిదిలో అక్కణ్నుంచి ఇక్కడికి మార్చేవాళ్లు రెండు చోట్లా నాన్‌లోకల్‌గా మిగిలిపోయే ప్రమాదముంది. ముందు బడి తేల్చుకోండి, తర్వాత ఇల్లు.

ఎవరి పక్కన బతకాలి?

హైదరాబాదు శివార్లు ఏ ఒక్కరివీ కావు. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వరంగ కంపెనీలు వచ్చినప్పుడే తమిళులు, మలయాళీలు, ఒడియావాళ్లు, బెంగాలీలు వచ్చి స్థిరపడ్డారు. ఆ అపార్టుమెంట్లకు ఇటుకలు మోసింది పాలమూరు కూలీలు. దేశంలో ఎక్కడైనా స్థిరపడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలోనే ఉంది. 'సెట్లరు' అన్న మాట విని కుంచించుకుపోనక్కరలేదు. అలాగే కొన్న మర్నాడే "మనోళ్లు ఎందరున్నారు?" అని కులం లెక్కలు తీయనూ వద్దు. నంద్యాల, కర్నూలు వీధుల్లో ముస్లింలతో గోడలు కలిపి బతికినవాళ్లం, హైదరాబాదులో అదే ముస్లిం కుటుంబానికి ఫ్లాటు లేదని చెప్పే సొసైటీలో తలాడిస్తే మన సంస్కారం ఏమైనట్టు? దళితుడికి ఇల్లివ్వని చోట మనకు ఇల్లెందుకు?

చివరగా ఒక మాట. పాములపాడు, ఆత్మకూరు, నందికొట్కూరు మనిషికి రైలెక్కాలంటే ఇప్పటికీ కర్నూలుకో, నంద్యాలకో పోవాలి. 1937 శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి మనం రాజధాని, హైకోర్టు అని అడుగుతూనే ఉన్నాం. అడగాల్సిందే. దాంతోపాటు రైలు అడుగుదాం, పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే బండ్లు అడుగుదాం, ఇక్కడి డిగ్రీకి ఇక్కడే కొలువు అడుగుదాం. హైదరాబాదులో కొనేవాళ్లు కళ్లు తెరిచి కొనండి. కొన్నాక ఈ అడగడం మాత్రం మానకండి. మన తర్వాతి తరానికైనా ఇల్లు ఎక్కడ కట్టుకోవాలన్నది బతుకుదెరువు కాకుండా ఇష్టం తేల్చాలి.